గాలి అందరిది అంటరు, మరి తండాకు ఒక్క వాటు ఎందుకియ్యరు?

పోస్టు పొడుగైతది. ఓపిక చేసుకొని సదవుండ్రి, తర్వాత తిట్టుండ్రి.

మొన్న ఒక తమ్ముడు "మన తండాల ఇంట్లనే చిన్న ఎఫ్‌ఎం రేడియో పెడితే ఎట్లుంటది?" అని అడిగిండు. అడిగిన పాపానికి మనోళ్లే ఆ పిల్లగాణ్ని ఆటాడుకున్నరు. ఒకాయన "ఏ కాలంల ఉన్నవ్‌రా, యూట్యూబ్ ఛానల్ పెట్టు" అన్నడు. ఇంకొకాయన "జైల్ల ఏస్తరు" అని బెదిరించిండు. మూడో ఆయన "ఏదన్న ఎన్‌జీఓను పట్టుకో, వాళ్లే చూసుకుంటరు" అని సలహా ఇచ్చిండు. ముగ్గురూ సదువుకున్నోళ్లే, మాకంటె ముందు హాస్టళ్ల పప్పుచారు తాగి పైకొచ్చినోళ్లే. వేరేటోళ్లు అంటే ఊకుందును. మనోళ్లే అనేసరికి ఊకోబుద్ధి కాలే.

ముందు యూట్యూబ్ సంగతి. మా ఇంట్ల స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది మా బాపు జేబుల ఉంటది. పని సీజన్ల ఆయన పుణె పోతే ఫోన్ గూడ పుణె పోతది. ఇంటికాడ మా యాడి, మా దాది, ఒక కీప్యాడ్ ఫోన్ మిగుల్తయి. పాలమూరు తండాల్ల ఇది ఎవరికీ కొత్త ముచ్చట కాదు, మీ ఇంట్ల గూడ ఒకసారి లెక్కేసుకోండ్రి, డాటా ఉన్న ఫోన్ ఎవరి చేతిల ఉంటదో. ఇగ నల్లమల పెంటల్ల చెంచోళ్ల సంగతి మనకంటె అన్యాయం, ఎన్నో చోట్ల సిగ్నలే సరిగ అందదు. అన్నా, నీ ఛానల్‌ను ఎవరు చూడాలె? మళ్ల నీ అసువంటి హాస్టల్ పిల్లగాళ్లే చూడాలె. అదే కీప్యాడ్ ఫోన్ల మాత్రం ఎఫ్‌ఎం ఉంటది. ఇయర్‌ఫోన్ వైరే దానికి ఏరియల్. రీచార్జ్ వద్దు, డాటా వద్దు, అక్షరం ముక్క రాకున్నా నడుస్తది. మా దాది వేలితోని బటన్ ఒత్తి స్టేషన్ మారుస్తది. కానీ ఎన్ని స్టేషన్లు మార్చినా తెలుగు వస్తది, హిందీ వస్తది, గోర్ బోలి రాదు. నాకు 20 ఏండ్లు. ఇన్నేండ్లల్ల మా భాష ఒక్క ముక్క రేడియోల నా చెవిన పడలే.

పడదు గూడ. 2011 జనాభా లెక్కల్ల 32 లక్షల మందికి పైగా తమ మాతృభాష లంబాడి అని రాయించుకున్నరు. సర్కారు ఏం చేసింది? ఆ లెక్కంత తీస్కపోయి హిందీ కింద కలిపింది. అంటే మా దాది హిందీ మాట్లాడుతున్నట్టు! ఆమెకు హిందీల మంచినీళ్లు అడగరాదు. ఒక సార్ నాతోని ఇట్లన్నడు: "మీ భాషకు లిపే లేదు గదమ్మా, ఇంక దానికి రేడియో ఏంది?" అరె, లిపి లేదు కాబట్టే గద సార్ రేడియో కావాల్సింది! పుస్తకం అచ్చేయాలంటే ఏ లిపిల రాయాలె అని కొట్లాట. మైకు ముందు కూసోని మాట్లాడితే ఆ కొట్లాటే లేదు. తీజ్ తొమ్మిది రోజులు మా దాది పాడే పాటలు ఇప్పటి పిల్లలకు ఒక్కటి రావు. మొన్న తీజ్‌కు డీజే పెట్టి సినిమా పాటలే ఏసిన్రు. దాది పక్కకు కూసోని గొణుక్కుంటనే పాడుకున్నది, ఎవరికీ ఇనబడలే.

ఇగ ఇంట్ల రేడియో అంటే ఏదో పెద్ద కార్ఖానా అనుకుంటున్నరు. కాదు. ఒక మైకు, పాటలకు ఒక ఫోన్ లేకుంటే కంప్యూటర్, ఒక చిన్న ట్రాన్స్‌మిటర్, ఒక వెదురుబొంగు మీద ఏరియల్. అంతే. ఎఫ్‌ఎం తరంగం పొడుగు సుమారు మూడు మీటర్లు ఉంటది, అందుల సగం, అంటే మీటరున్నర పొడుగు లోహపు కడ్డీ చాలు ఏరియల్‌కు. ఎఫ్‌ఎం చూపు పోయినంత దూరం పోతది, గుట్ట అడ్డమొస్తే ఆగుతది. అందుకే వాట్లు పెంచేకంటె బొంగు పొడుగు పెంచుడు మేలు. అడ్డం ఏం లేనికాడ గూడ దూరం రెండింతలు కావాలంటే పవర్ నాలుగింతలు కావాలె. కానీ మనకు దూరమెందుకు? తండా ఈ మూల నుంచి ఆ మూలకు ఎంత ఉంటది? ఒక్క వాటుతోని, ఏరియల్ పైకి కడితే, కిలోమీటరు రెండు కిలోమీటర్లు ఇనబడుతది. ఇంట్ల ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లు తింటది. అండ్ల తొమ్మిదో వంతు అడుగుతున్నం మేము.

రెండో అన్న జైలన్నడు. అది నిజమే, అబద్ధం చెప్పలే ఆయన. పర్మిషన్ లేకుండ గాలిల తరంగం ఇడిస్తే తప్పని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సంది ఉన్నది, 1933ల వైర్‌లెస్ చట్టం వచ్చింది. తెల్లోళ్లు పోయినంక గూడ ఆ చట్టాలు నడిచినయి. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఇంకింత గట్టిగ వచ్చింది: మూడేండ్ల దాక జైలు, రెండు కోట్ల దాక జరిమానా, లేకుంటే రెండూ. రెండు కోట్లు! మా తండా భూములన్నీ అమ్మినా వస్తయో రావో. కాబట్టి తమ్మీ, ఆన్‌లైన్ల దొరికే ట్రాన్స్‌మిటర్ కొని సప్పుడు చేయకుండ నడుపుదాం అనుకోకు. నేను చెప్పేది దొంగతనంగ నడుపుమని కాదు. అది దొంగతనం ఎట్లయిందో అడుగుమని.

ఎందుకంటే 1995ల సుప్రీంకోర్టు క్రికెట్ మ్యాచుల ప్రసారం కేసుల ఒక తీర్పు ఇచ్చింది. ఆ బెంచిల మన తెలుగు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గూడ ఉన్నడు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారు ఒక్కదాని గుత్తాధిపత్యం చెల్లదు, ప్రజల మేలు కోసం వాడాలె అన్నరు. పైసలున్నోళ్లకు తలుపులు బార్లా తెరువుమని మాత్రం అనలే. తర్వాత అయింది ఏంది? వేలంపాట పెట్టిన్రు. 2001ల బెంగళూరుల మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం మోగింది. ప్రజల ఆస్తి ఫస్టు పట్నపు కంపెనీలకు పోయింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్తా, మన గ్రూపుల ఎంతమందికి తెలుసో. కొత్తకోట కాడ హైవే ఎక్కి దక్షిణం దిక్కు పోతే కర్నూలొస్తది. ఆడికెల్లి నంద్యాల రోడ్డు పడితే ఓర్వకల్లు. అక్కడ పొదుపు సంఘాల ఆడోళ్లు 2002ల 'మన రేడియో' అని ఒక చిన్న స్టేషన్ నడిపిన్రు. ఎంత దూరం ఇనబడేదో తెలుసా? అరకిలోమీటరు. ఊరు దాటదు. వాళ్ల యాసల, వాళ్ల పాటలు, వాళ్ల ముచ్చట్లు. 2003ల సర్కారోళ్లు వచ్చి లైసెన్స్ లేదని బంద్ చేయించిన్రు. అదే టైముల బెంగళూరు కంపెనీ ఎఫ్‌ఎం జోరుగ నడుస్తున్నది. అరకిలోమీటరు ఆడోళ్ల మాటలతోని దేశానికి ఏం ముప్పొచ్చిందో ఇప్పటిదాక నాకు అర్థం కాదు.

మూడేండ్లకు బీహార్ల ఇదే కథ. వైశాలి జిల్లా మన్సూర్‌పూర్ అనే ఊర్ల రాఘవ్ మహతో అనే రేడియో మెకానిక్ తన రిపేరు దుకాణంలనే యాభై రూపాయల సామానుతోని ట్రాన్స్‌మిటర్ చేసి, ఏరియల్ బొంగుకు కట్టి రాఘవ్ ఎఫ్‌ఎం నడిపిండు. 2006 ఫిబ్రవరిల బీబీసీ ఆయన గురించి రాసింది. ఊరికి గర్వం, పేపర్లల్ల పేరు. మార్చిల మూయించిన్రు. అదే ఏడు నవంబర్‌ల కమ్యూనిటీ రేడియో పాలసీ వచ్చింది, సంఘాలకు లైసెన్స్ ఇస్తమని. అండ్ల ఎవరికి ఇయ్యరో ఒక లిస్టున్నది. లిస్టుల మొదటి మాటే 'వ్యక్తులు'. అంటే రాఘవ్‌కు రాదు. ఈ దేశంల గాలిపటం ఎగరేసే సరదా ఉండొచ్చు, గాలిల మాట ఎగరేసే సరదా మాత్రం పేదోనికి ఉండొద్దు.

గిదేం ఇప్పటి రోగం గూడ కాదు. మన పాలమూరు నిజాం రాజ్యంల ఉన్నప్పుడే, 1933ల, తపాలా శాఖల పనిచేసే మహబూబ్ అలీ అనే ఆయన హైదరాబాద్ చిరాగ్ అలీ గల్లీల 200 వాట్ల ప్రైవేటు రేడియో పెట్టిండు. 1935ల నిజాం సర్కారు దాన్ని చేతిలకు తీసుకున్నది. అదే దక్కన్ రేడియో. సొంతంగ మొదలుపెట్టేది ఒకరు, ఎత్తుకపోయేది సర్కారు.

"హామ్ రేడియో లైసెన్స్ తీసుకోవచ్చు గద" అని ఒక అక్క రాసింది. నేర్చుకోనీకి మంచిదే. హైదరాబాద్‌ల 1983 సంది దానికొక జాతీయ సంస్థ ఉన్నది, పరీక్ష రాసి పాసైతే లైసెన్స్ ఇస్తరు, 12 ఏండ్ల పిల్లలు గూడ రాయొచ్చు. కానీ అక్కా, అది లైసెన్స్ ఉన్నోళ్లు ఒకరితోనొకరు మాట్లాడుకునేటందుకు. పాటలు ఏయొద్దు, జనానికి ప్రసారం చేయొద్దు. దాది పాట దాంట్ల పోదు.

ఇగ మూడో అన్న చెప్పిన ఎన్‌జీఓ సంగతి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ కాడ మాచ్‌నూర్ల సంగం రేడియో ఉన్నది, 90.4. దళిత ఆడోళ్లు నడుపుతున్నరు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు దాన్ని నిలబెట్టిన్రు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఎనుక ఉన్నది, యునెస్కో సాయం చేసింది. 1990ల చివర్లనే స్టూడియో తయారైంది. లైసెన్స్ ఎప్పుడొచ్చింది? గాలిలకు మాట పోయింది 2008 అక్టోబర్ 15న. దగ్గరదగ్గర పదేండ్లు! అన్నేండ్లు వాళ్లు రికార్డు చేసిన క్యాసెట్లు సంఘం మీటింగులల్ల ఏసి ఇనిపించుకుంటూ ఎదురుచూసిన్రు. వాళ్లకు దండం పెడత. కానీ ఒకటి ఆలోచించండ్రి, అంత పెద్ద సంస్థ ఎనుక ఉంటేనే పదేండ్లు పడితే, ఎవరూ లేని తండా సంగతేంది? లైసెన్స్ వస్తే 100 వాట్లు ఇస్తరు, 30 మీటర్ల దాక టవర్ కట్టనిస్తరు, స్టూడియో, జీతాలు, కరెంటు, అంతా లక్షల మీద పని. ఆ లక్షలు పెట్టినోడు ఊకుంటడా? వాని ప్రోగ్రామే మన నోట చెప్పిస్తడు. పైగ వార్తలు సొంతంగ చెప్పొద్దు, ఆకాశవాణి వార్తలే ఏసుకోవాలె. దేశం మొత్తం మీద ఇసువంటి స్టేషన్లు 500 అటు ఇటు ఉన్నయి. ఊర్లు లక్షలల్ల ఉన్నయి.

మాకు 100 వాట్లు వద్దు. ఒక్క వాటు ఇయ్యండ్రి, లైసెన్స్ అడగకండ్రి. ఇది ఎక్కడా లేని కోరిక కాదు. న్యూజిలాండ్‌ల ఎఫ్‌ఎం బ్యాండుకు ఆ కొస, ఈ కొస కొంత జాగా ఇడిచిపెట్టిన్రు. అండ్ల ఒక వాటు లోపల ఎవరైనా, ఒక్క మనిషైనా, విడిగ లైసెన్స్ లేకుండ నడుపుకోవచ్చు. షరతులున్నయి, ఎవరు నడుపుతున్నరో రేడియోలనే చెప్పుకుంటుండాలె. అక్కడ విమానాలేం కింద పడలే. అమెరికాల స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊర్ల ఎంబన్నా కంటాకో అనే నల్లజాతాయన, కండ్లు కనబడవు, 1987ల పేదల సర్కారు ఇండ్లల్ల తన ఇంట్లకెల్లే ఒక వాటు రేడియో మొదలుపెట్టి పోలీసు దెబ్బల గురించి జనంతోని మాట్లాడించిండు. 750 డాలర్లు జరిమానా ఏసిన్రు. ఆయన ఆపలే. ఆయనను చూసి దేశమంత చిన్న రేడియోలు లేచినయి, 2000ల అక్కడి సర్కారు చిన్న స్టేషన్లకు వేరే లైసెన్స్ పెట్టక తప్పలే. (ఆయన సామాను మాత్రం అదే ఏడు జప్తు చేసుకపోయిన్రు. సర్కార్లు ఏడైనా సర్కార్లే.)

విమానాలు అని ఊకె అనలే. ఎఫ్‌ఎం 108 మెగాహెర్ట్‌జ్ దగ్గర అయిపోతది, ఆడికెల్లే విమానాల బ్యాండు షురూ. ఫిల్టర్ లేని నాసి ట్రాన్స్‌మిటర్ అడ్డగోలుగ పక్క బ్యాండులకు గూడ కక్కుతది. ఇది నిజమైన భయమే, దీన్ని నవ్వి కొట్టిపారేయొద్దు. కానీ దీనికి మందు ఏంది? పరీక్ష చేసి ముద్ర ఏసిన ఒక వాటు పెట్టె మాత్రమే అమ్మాలె అని రూల్ పెట్టుడు. మన ఇండ్లల్ల వైఫై అట్లనే నడుస్తలేదా, దానికి ఎవరన్న ఢిల్లీ పోయి లైసెన్స్ తెచ్చుకున్నరా? కంపెనీకి పైసలొచ్చే తరంగానికి లైసెన్స్ వద్దు, తండా నోటికి మాత్రం మూడేండ్ల జైలు.

మన విద్యార్థి సంఘాల నాయకులకు ఒక మాట. మెస్ చార్జీలకు మెమోరాండం ఇస్తరు, స్కాలర్‌షిప్‌కు ధర్నా చేస్తరు, చేయాల్సిందే, నేను గూడ వచ్చిన. 2018ల తండాలు పంచాయతీలైనయని స్వీట్లు పంచిన్రు. పంచాయతీ వచ్చింది గానీ గ్రామసభల మాట్లాడేది ఏ భాషల? సర్పంచ్ కుర్చీ అడిగినోళ్లం, మైకు ఎందుకు అడగలే?

ఇప్పుడు పని సంగతి. ఒక వాటు కోసం సమాచార ప్రసార శాఖకు, మన ఎంపీలకు గ్రూపు తరఫున పిటిషన్ రాయాలె, ముసాయిదా నేను రాసి పెడత. అది ఎప్పటికయితదో తెలవదు కాబట్టి ఇంకో దారి గూడ ఇప్పుడే మొదలుపెట్టాలె. పాలసీ ప్రకారం దరఖాస్తు చేసే సంఘం రిజిస్టరయి మూడేండ్లు నిండాలె. మనం బయటి ఎన్‌జీఓ కాళ్లు పట్టుకునుడెందుకు, ఆ మూడేండ్ల గడియారం మన సంఘానికే తిప్పొచ్చు గద? అప్పటిదాక మాచ్‌నూర్ అక్కలు చేసినట్టే: దాదీల పాటలు, పెండ్లి ఏడుపులు, వలస పోయినోళ్ల ముచ్చట్లు ఫోన్లల్ల రికార్డు చేసి, పేరు, తండా, తారీఖు రాసి పెట్టుకుందాం. ఆదివారం రాత్రి స్పీకర్ల తండాల ఇనిపిద్దాం. స్పీకర్‌కు ఢిల్లీ పర్మిషన్ అక్కర్లేదు, ఇక్కడి అధికారుల దగ్గర రాతపూర్వకంగ పర్మిషన్ తీసుకొని, సప్పుడు ఎక్కువ కాకుండ రాత్రి పదింటి లోపల ఆపాలె.

సొసైటీ రిజిస్ట్రేషన్‌కు తక్కువల తక్కువ ఏడుగురు కావాలె. నేను, మా హాస్టల్ల ఒక చెంచు చెల్లె, మొన్న మీరందరు ఆటాడుకున్న ఆ తమ్ముడు, ముగ్గురం అయినం. ఇంకా నలుగురు కావాలె. వనపర్తి, దేవరకద్ర, పెబ్బేరు దిక్కు ఉన్నోళ్లయితే తిరుగుడు సులువయితది. యూట్యూబ్ అన్న గూడ రావచ్చు, ఎడిటింగ్ ఆయనకే వచ్చు.