సీలు పడిన నాడేనా సంఘం?

మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కినవారు యమున దాటి, సుప్రీంకోర్టు స్టేషను మీదుగా కొద్ది నిమిషాలలోనే మండీ హౌస్ చేరుకుంటారు. అక్కడికి సమీపంలో, తాన్‌సేన్ మార్గ్‌లో భారత వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్య (ఫిక్కీ) భవనం ఉన్నది. గాంధీజీ సలహాపై 1927లో ఘనశ్యామదాస్ బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ నెలకొల్పిన ఆ సంస్థ మాటను బడ్జెట్‌కు ముందు ఆర్థిక మంత్రులు పిలిచి మరీ వింటారు. మయూర్ విహార్ కిరాణా వర్తకుని గోడు వినేదెవరు? అతనికి దిక్కు ఆ బజారు సంఘమే. ఆ సంఘం ఎప్పుడు మేలుకొంటున్నదన్నదే ప్రశ్న.

రాజధాని వర్తక సంఘాలకు 2006 కఠిన పరీక్ష పెట్టింది. నివాస ప్రాంతాలలో నిబంధనలకు విరుద్ధంగా నడుస్తున్న వ్యాపార స్థలాలకు సీళ్ళు వేయవలసిందిగా ఆ ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మార్చిలో పర్యవేక్షక సంఘాన్ని నియమించింది. మే నెలలో పార్లమెంటు ఒక సంవత్సరం ఊరట కల్పిస్తూ చట్టం చేసినా వివాదం సమసిపోలేదు. సెప్టెంబరులో సీలంపూర్‌లో నిరసన హింసాత్మకమై, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. 2007 ఫిబ్రవరి 7న వెలువడిన మాస్టర్ ప్లాను, నిర్దిష్ట వీధులలో మార్పిడి రుసుము చెల్లించినవారికి వ్యాపారం చేసుకొనే వీలు కల్పించింది. అయినా 2017 డిసెంబరులో సీళ్ళు మళ్ళీ మొదలైనాయి. బందులు, ధర్నాలు, వినతిపత్రాలు యథాప్రకారం పునరావృతమైనాయి.

ఇందులో తప్పంతా ఒక పక్షానిదే అనలేము. జనాభాకు తగినన్ని దుకాణాలను ప్రణాళికలో చూపని ప్రభుత్వ సంస్థల బాధ్యత ఎంత ఉన్నదో, నేలమాళిగలను గిడ్డంగులుగా మార్చి కాలిబాటలను ఆక్రమించిన వర్తకుల బాధ్యతా అంత ఉన్నది. కాని ప్రతిసారీ గడువు పొడిగించమని కోరడమే సంఘాలకు పరమార్థమైతే, అది ఇల్లు కాలినప్పుడు బావి తవ్వడమే అవుతుంది.

సంఘం అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. మార్పిడి రుసుముగా వసూలైన సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ వీధుల సౌకర్యాలకూ వాహనాలు నిలిపే స్థలాలకూ ఖర్చు చేయాలని మాస్టర్ ప్లానే చెప్పుతున్నది. మన బజారు నుంచి ఎంత వెళ్ళింది, మన బజారుకు ఎంత తిరిగి వచ్చిందని ఏటా నగరపాలక సంస్థను నిలదీసే సంఘానికి బందు పిలుపుకన్న మించిన బలం ఉంటుంది. చిల్లర వర్తకులను 2021 జూలైలో కేంద్రం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోవలో చేర్చి, ప్రాధాన్యరంగ రుణాలకు అర్హులను చేసింది. ఆ నమోదు పత్రం నింపించి, సభ్యుణ్ణి బ్యాంకు గడప ఎక్కించడం కూడా సంఘం పనే. ఈ పనులకు పతాకాలు అక్కరలేదు. ఒక గుమాస్తా, ఒక బల్ల, క్రమం తప్పని హాజరు చాలు.

ఇక, బజారు అంటే దుకాణదారులు మాత్రమేనా? మయూర్ విహార్ పక్కనే అత్యవసర పరిస్థితి కాలంలో పునరావాసం కల్పించిన త్రిలోక్‌పురి ఉన్నది. తోపుడుబండిపై కూరలమ్మేవాడూ వర్తకుడే. 2014 వీధి వర్తకుల చట్టం పట్టణ వర్తక కమిటీలలో నలభై శాతానికి తగ్గకుండా వీధి వర్తకుల ప్రతినిధులు ఉండాలన్నది. వర్తక సంఘాలకూ అందులో చోటిచ్చింది. చట్టం ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టినవారిని శత్రువులుగా చూడడం దూరదృష్టి కాదు. తన దుకాణానికి సీలు పడితే జీవనోపాధి హక్కును ఎలుగెత్తి చాటే సంఘం, బండివాణ్ణి తరిమినప్పుడు మౌనం వహిస్తే ఆ నినాదానికి విలువ ఏపాటిది?

వర్తక నాయకులకు ఈనాడు రాజకీయ ద్వారాలు మూసుకొని లేవు. అఖిల భారత వర్తక సమాఖ్య నాయకుడు ప్రవీణ్ ఖండేల్‌వాల్ 2024లో చాందినీచౌక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు. అయితే ఒక్క స్థానం గెలిచినంత మాత్రాన ప్రతి బజారు సమస్యా తీరదు. 1917 నాటి నుంచి వాణిజ్య మండలి ఉన్న హైదరాబాదుకైనా, నేటి మన చిన్న పట్టణాలకైనా ఈ నీతి వర్తిస్తుంది. సంఘం విలువను సీలు పడిన రోజు జరిగే ఊరేగింపుతో కాక, ఏ గొడవా లేని రోజున దాని తలుపు తెరిచి ఉన్నదా లేదా అన్నదానితో కొలవాలి.