నంద్యాల పీఠంపై ఆమె

2013 సెప్టెంబరు చివర్లో నంద్యాల హోలీ క్రాస్ కెథెడ్రల్‌లో బిషప్పులు ఎగ్గోని పుష్పలలిత తల మీద చేతులుంచి ప్రార్థించారు. దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) అలా తొలి మహిళా బిషప్ వచ్చారు. అప్పటికి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో మహిళా బిషప్ ఒక్కరూ లేరు. ఆ ప్రతిపాదనను అక్కడి సినడ్ 2012 నవంబరులో ఓడించింది. లిబ్బీ లేన్ అభిషేకం జరిగింది 2015 జనవరిలో. మిషనరీలను పంపిన దేశం కన్నా వాళ్లు వచ్చి దిగిన రాయలసీమ ఊరే ముందు నడిచిందన్నమాట.

అదీ నంద్యాల కావడం మరీ విశేషం. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికన్లలో చాలామంది కలవబోమన్నారు. పేచీ దేవుడి గురించి కాదు, చేతుల గురించి. అపొస్తలుల కాలం నుంచి బిషప్ చేతుల మీదుగా వస్తేనే గురుత్వం చెల్లుతుందని వాళ్ల నమ్మకం. కొత్త సంఘమేమో బిషప్పులే లేని సంప్రదాయాల పాస్టర్లను మళ్లీ అభిషేకించకుండానే గురువులుగా తీసుకుంది. అదెలా కుదురుతుందంటూ నంద్యాల 1975 దాకా బయటే ఉండిపోయింది. ఎవరి చేతికి అధికారముందని 28 ఏళ్లు పట్టుబట్టిన చోట, చివరికి కొత్త గురువుల తల మీద ఉంచే చేయి ఒక స్త్రీది అయింది.

అప్పటి కర్నూలు జిల్లా దిగువపాడులో 1956లో పుట్టిన పుష్పలలిత హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కళాశాలలో చదివారు. 1980ల్లో గురువయ్యారు. సీఎస్ఐలో మహిళలకు ఆ దారి తెరుచుకున్నది 1976లోనే, ఎలిజబెత్ పాల్‌తో. పుష్పలలిత దాదాపు మూడు దశాబ్దాలు సంఘాల్లో పనిచేశాకే పీఠం దక్కింది. బిషప్ పని ప్రార్థనలతో అయిపోదు. పాస్టర్ల బదిలీలు, బడులు, హాస్టళ్లు, ఆస్తులు, వాటి తగాదాలు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఆడవాళ్లకు సండే స్కూలు, స్త్రీల మైత్రి చాలనుకునే చోట అసలు మార్పు అక్కడే ఉంది.

'తొలి మహిళ' బిరుదుకు ఒక చిక్కుంది. యూదుల్లో తొలి మహిళా రబ్బీ, అంటే మతగురువు, రెజీనా జోనాస్. స్త్రీ రబ్బీ కావచ్చా అన్న ప్రశ్న మీద ధర్మశాస్త్రాల ఆధారంగానే థీసిస్ రాసి, 1935లో జర్మనీలో పట్టా అందుకున్నారు. నాజీలు ఆమెను 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆ పేరు ఎంత మరుగున పడిందంటే, 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ రబ్బీ అయినప్పుడు ప్రపంచంలో ఆమే మొదటివారని చాలామంది అనుకున్నారు. మధ్యలో 37 ఏళ్లు. సీఎస్ఐలో తొలి మహిళా గురువుకూ తొలి మహిళా బిషప్‌కూ మధ్య ఎడం కూడా సరిగ్గా అంతే. కాకతాళీయమే కావచ్చు.

బిషప్ ఎంపికలో డయోసిస్ కౌన్సిల్ ఓట్లేసి కొన్ని పేర్లతో ప్యానెల్ పంపుతుంది. అందులోంచి ఒకరిని సినడ్ తరఫున ఎంపిక చేస్తారు. సినడ్ పెద్దలు ఎంత ఉదారంగా ఆలోచించినా ప్యానెల్లో లేని పేరును తీసుకోలేరు. ప్యానెల్లోకి రావాలంటే ముందు గురువై ఉండాలి. గురువు కావాలంటే సొంత డయోసిస్ ఆమెను థియలాజికల్ కళాశాలకు పంపాలి, తిరిగొచ్చాక ఒక సంఘాన్ని అప్పగించాలి.