కాశీకి కాదట, స్విట్జర్లాండ్‌కట

సినిమా తీసిన చోటు చూడ్డానికి డబ్బు తగలేసి యూరప్ దాకా పోవాలా అని అడిగేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉంటారు. వాళ్ళని నేనొకటి అడుగుతాను. మా శ్రీసిటీకి దగ్గర్లోని సురుటుపల్లికి ప్రదోషం రోజున అంత జనం ఎందుకొస్తారు? హాలాహలం తాగిన శివుడు అమ్మవారి ఒడిలో తలపెట్టి పడుకున్నది అక్కడేనని విన్నారు కాబట్టి. కథ విన్నాక ఆ నేల మీద ఓసారి నిలబడాలనిపించడం మనకి కొత్తేం కాదు. సినిమాని దేవుడితో పోలుస్తున్నానని కోప్పడకండి, కోరిక పుట్టే తీరు గురించే నేను చెప్తున్నది.

మా అత్తమ్మకి డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఆమెకి స్విట్జర్లాండ్ అంటే సూళ్ళూరుపేట సినిమా హాల్లో చూసిన పాటలే. హీరో లెదర్ కోటులో, హీరోయిన్ పల్చటి చీరలో, చుట్టూ మంచు. (ఆ పిల్లకి చలెయ్యదా అని ఒక్క డైరెక్టరుకీ తోచినట్టు లేదు!) పోయిన సంక్రాంతికి అందరూ కూడినప్పుడు ఆ మంచు చూడాలని ఉందన్నారు. కొడుకులు వెంటనే, "ఈ వయసులో కాశీకి పోమ్మా, టికెట్లు మేం తీస్తాం" అన్నారు. "కాశీకి మీ నాయనతో రెండుసార్లు పోయొచ్చినా. మంచు ఎప్పుడు చూసేది?" అన్నారావిడ. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కొడుకు కంపెనీ పని మీద పారిస్ పోయి ఈఫిల్ టవర్ ముందు ఫోటో దిగితే ముచ్చట. అమ్మ అడిగితే చాదస్తం. ఇంట్లో పెద్దావిడ కోరికకి భక్తి తోడైతే తప్ప డబ్బు కదలదు, గమనించారా?

మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, నిజమే. కానీ 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోక్ దాకా 1912 నుంచీ రైలే పోతోంది. పైన గాలి పల్చన కాబట్టి ముందు డాక్టరుకి చూపించాలి, అంతే. కింద ఇంటర్లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహమే పెట్టారు వాళ్ళు, మన సినిమాల వల్ల ఎంతమంది వస్తున్నారో చూసి. పక్కనే ఇసెల్ట్‌వాల్డ్ అనే పల్లెలో ఓ కొరియా సీరియల్ తీసిన చెక్క వంతెన ఎక్కడానికి 5 ఫ్రాంకులు అడుగుతున్నారు. జనం తాకిడి పడలేక గేటు పెట్టారట. అదొక్కటీ మేం ఎక్కం.

'ఇంకో ఏడాది చూద్దాం' అనే మాట కూడా నాకు నచ్చదు. 'నాటు నాటు' పాటని 2021 ఆగస్టులో కీవ్‌లోని ప్యాలెస్ ముందు తీశారు. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైంది, సినిమా ఇంకా విడుదలే కాలేదు.

కొత్త సోఫా మానేసి మే నెలకి టికెట్లు చూస్తున్నాం. అత్తమ్మ మాత్రం ఫోటోకి పల్చటి చీరే కట్టుకుంటానంటున్నారు. లోపల రెండు స్వెట్టర్లు వేసుకుంటేనే విమానం ఎక్కిస్తానన్నాను.