తోడు వాయించే చదువు

సంగీతాభ్యాసం అనగానే తెలుగువారికి కళ్ళకు కట్టే దృశ్యం ఒకటి ఉన్నది. గురువు ఎదుట శిష్యుడు, సరళీ వరుసలు, జంట వరుసలు, ఏళ్ళ తరబడి సాధన, ఆ పిమ్మట ఎన్నడో ఒక కచేరీ. అమెరికాలో బ్లూగ్రాస్ సంగీతోత్సవాలలో పిల్లలకు చెప్పే పాఠం ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంటుంది. అక్కడ గిటారు మీద రెండు మూడు కార్డులు పట్టుకోవడం వస్తే చాలు, పిల్లవాడు పదిమంది నడుమ నిలబడి వాయించవచ్చు. నేర్చిన తరువాత కలవడం కాదు, కలిసిన తరువాత నేర్వడం.

ఈ పద్ధతి ఆ సంగీతంతోనే పుట్టింది. బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో 1911లో కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ గ్రామం చెంత జన్మించాడు. ఆ రాష్ట్రానికి గల ముద్దుపేరును తన బృందానికి పెట్టుకోగా, కాలక్రమాన అదే సంగీతానికి పేరయింది. ఎనిమిదిమంది సంతానంలో ఆయన కడగొట్టువాడు. ఫిడేలు, గిటారు అన్నల పాలు కాగా, ఆయనకు మిగిలింది మాండొలిన్. మరీ మోత చేయకుండా దాని ఎనిమిది తీగలలో నాలుగింటిని తీసివేయించారట! తల్లిదండ్రులు గతించిన తరువాత కొంతకాలం మేనమామ పెన్ వాండివర్ పంచన పెరిగాడు. మేనమామ పల్లె నృత్యాలకు ఫిడేలు వాయిస్తుంటే మేనల్లుడు గిటారుతో తోడు వాయించేవాడు. అదే ఆయన పాఠశాల.

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీత వేదిక ఎక్కించిన మాండొలిన్‌కు మూలరూపం ఈ వాద్యమే. అయితే బ్లూగ్రాస్‌లో దాని బాధ్యత వేరు. సాధారణంగా ఆ బృందంలో మృదంగం వంటి చర్మవాద్యం ఉండదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ మాండొలిన్ మీద పొడిగా పడే మీటే లయను నిలబెడుతుంది. ఒకరు రాగాన్ని అల్లుతుంటే తక్కినవారు వారిని మోయాలి.

కొండసీమల కుటుంబాలు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ పారిశ్రామిక నగరాలకు తరలినప్పుడు, మామయ్య పక్కన కూర్చుని నేర్చుకునే వసారా చాలా ఇళ్ళలో కనుమరుగైంది. 1965లో కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు వర్జీనియాలోని ఫిన్‌కాజిల్ వద్ద ఒక గుర్రాల క్షేత్రంలో మూడు రోజుల బ్లూగ్రాస్ ఉత్సవం జరిపాడు. పలు దినాలు సాగే ఇటువంటి ఉత్సవాలకు అదే నాంది. కుటుంబాలు గుడారాలతో వచ్చి విడిది చేస్తాయి. వేదిక మీద కచేరీ ముగిసినా, గుడారాల నడుమ వలయాలుగా చేరి అర్ధరాత్రి దాటేవరకు వాయిస్తూనే ఉంటారు. పోయిన వసారా మైదానంలో మళ్ళీ దొరికింది.

వలయానికి కొన్ని మర్యాదలున్నాయి. పాట ఎత్తుకున్నవారు శ్రుతి చెబుతారు. పాడేవారి గొంతు మునిగిపోకుండా తక్కినవారు చేయి తగ్గిస్తారు. తల పంకించి చూస్తే వంతు వచ్చిందని గుర్తు. సిద్ధంగా లేని పిల్లవాడు తల అడ్డంగా ఊపవచ్చు, ఎవరూ చిన్నచూపు చూడరు. పాట తెలియకపోతే గిటారు వాయించేవారి ఎడమచేతిని గమనిస్తూ కార్డులు మార్చుకోవాలి. తప్పు పోతే ఆగరాదు. లయను విడువకుండా ముందున్న చోట అందుకోవాలి. పుస్తకం చూసి ఒంటరిగా సాధన చేసినవారికి ఈ చివరి పాఠమే కొరుకుడు పడదు.

సమాజశాస్త్రంలో డాక్టరేటు పొందిన బాంజో వాదకుడు పీట్ వెర్నిక్ 1980 నుండి శిక్షణ శిబిరాలు నిర్వహిస్తూ ఈ సంగతి కనిపెట్టాడు. గదిలో ఏళ్ళ తరబడి వేళ్ళు అరగదీసినా, నలుగురితో కలిసి ఒక్క పాట వాయించలేనివారు ఎందరో! అందుచేత సులభమైన పాటలను, తక్కువ వేగంతో, మొదటి రోజునుండే కలిసి వాయింపజేయడం ఆయన పద్ధతి అయింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రే ఫాక్స్ ఉత్సవంలో పిల్లల కోసం ప్రత్యేక విద్యాలయమే నడుస్తుంది. కొన్ని దినాల పాఠం పిమ్మట పిల్లలు ప్రధాన వేదిక ఎక్కుతారు. కాలిఫోర్నియాలో గ్రాస్ వ్యాలీ ఉత్సవానికి వచ్చిన పిల్లలను కూడగట్టి, వారిచేతనే కచేరీ చేయించే సంప్రదాయాన్ని ఫ్రాంక్ సొలివాన్ సీనియర్ నెలకొల్పాడు. అక్కడి బ్లూగ్రాస్ సంఘం పుస్తకాలు ఎరువిచ్చినట్లు పిల్లలకు వాద్యాలు ఎరువిస్తుంది.

వేదికతో ఒక చిక్కు లేకపోలేదు. 1960లో ఆరేళ్ళ రికీ స్కాగ్స్ బిల్ మన్రో కచేరీలో మాండొలిన్ వాయించి తరువాతి కాలంలో మహావాదకుడైన కథను అందరూ చెప్పుకుంటారు. బాలమేధావిని చూసి చప్పట్లు చరచడం తేలిక. వెనుక వరుసలో మూడు కార్డులతో లయ నిలబెట్టే పిల్లవానిని గుర్తించడం కష్టం. కాని వాడు లేనిదే మేధావికి పాట లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు డబ్బు. ఉత్సవానికి టిక్కెట్టు, ప్రయాణం, సెలవులు కావాలి. ఏ కొండపల్లెల్లో ఈ సంగీతం పుట్టిందో, ఆ పల్లె పిల్లలకే అది అందకపోవచ్చు. నార్త్ కరోలినాలోని స్పార్టాలో పాఠశాల సలహాదారుగా పనిచేసిన హెలెన్ వైట్ 2000 సంవత్సరంలో బడి వదిలిన తరువాత పిల్లలకు ఫిడేలు, బాంజో, గిటారు నేర్పించే ఏర్పాటు చేసింది. ఆ ప్రయత్నం తరువాత పొరుగు రాష్ట్రాలకూ ప్రాకింది. 2019లో ఆమె మరణించినా ఆగలేదు.

ఇలా నేర్చిన పిల్లలలో అధికులు విద్వాంసులు కారు, కానక్కరలేదు. తన వంతు రానప్పుడు ఎదుటివారి పాటను మోయడం, వచ్చినప్పుడు జంకక అందుకోవడం వారికి అలవడితే చాలు. మేనమామ పక్కన గిటారు పట్టుకున్న కుర్రవాడు మొదట నేర్చినది అదే.