ముల్కీ ఎవరు?

హైదరాబాద్ సంస్థానంలో ముల్కీ అంటే స్థానికుడు, గైర్ ముల్కీ అంటే బయటి నుంచి వచ్చినవాడు. ఆ బయటివాడు ఎవరన్నదే తరానికో తీరుగా మారింది. సంస్థాన దివాన్ మొదటి సాలార్‌జంగ్ పాలనా సంస్కరణల కోసం ఉత్తరాది నుంచి చదువుకున్నవారిని రప్పించాక, పెద్ద కొలువులన్నీ వారి పాలవుతున్నాయన్న అసంతృప్తి స్థానికుల్లో రాజుకుంది. నాటి గైర్ ముల్కీ ఉర్దూ మాట్లాడే అధికారి. తెలుగువాడు కాదు.

నిజాం 1919 ఫర్మానా ఈ తగవుకు నిబంధనల రూపమిచ్చింది. పుట్టుకతో సంస్థాన ప్రజ అయినవారే కాక, 15 ఏళ్లు స్థిరంగా నివసించినవారూ ముల్కీలే. అయితే వారు సొంత ప్రాంతానికి తిరిగి వెళ్లే ఉద్దేశం వదులుకున్నామని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. అంటే వచ్చినవాడు ఇక్కడివాడయ్యే దారిని నిబంధనే తెరిచి ఉంచింది. తర్వాతి నినాదాల్లో ఆ దారి మూసుకుపోవడం విచారకరం.

1948 పోలీసు చర్య తర్వాత కోస్తా నుంచి ఉపాధ్యాయులు, ఉద్యోగులు వచ్చారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువులు కొట్టేస్తున్నారన్న ఆగ్రహం 1952లో విద్యార్థి ఉద్యమమైంది. వరంగల్లులో మొదలై హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు తొలివారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పటికి గైర్ ముల్కీ అంటే తెలుగు మాట్లాడే ఆంధ్రుడు. తగవు మూలం భాషలో కాదు, ఉద్యోగంలో ఉందని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వివాదం కోర్టుకెక్కింది. ఉద్యోగాలకు స్థానిక నివాసం ఉండాలన్న నిబంధనకు ఆధారమైన 1957 చట్టంలోని సెక్షన్‌ను 1969 మార్చిలో సుప్రీంకోర్టు తెలంగాణ మేరకు కొట్టేసింది. అదే కోర్టు 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. మొదటి తీర్పు వచ్చేనాటికే తెలంగాణ రగులుతోంది. రెండోది కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేక రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమాన్ని లేపింది. ఒకరికి రక్షణగా కనిపించిన మాట మరొకరికి సొంత రాజధానిలోనే పరాయితనమైంది. రెండు బాధలూ నిజమైనవే.

1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది, ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు 'స్థానిక అభ్యర్థి'ని నిర్వచించింది. అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది ముఖ్యమైన కొలమానమైంది. ప్రమాణపత్రం స్థానంలోకి బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఉత్తర్వుకు విరుద్ధంగా తెలంగాణలో నియమితులైన వారిని వెనక్కి పంపాలని 1985 డిసెంబరులో 610 జీవో జారీ చేయాల్సి వచ్చింది.