మనోడా కాదా అని అడగకండి

ప్రతి ఏడు జులై 26 వచ్చిందంటే మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో జెండా బొమ్మలు, పాటలు వరద కడతాయి. ఈసారి నేను మేజర్ పద్మపాణి ఆచార్య ఫోటో పెట్టి, కార్గిల్ యుద్ధంలో ఆయన చేసిన పని గురించి రెండు మాటలు రాసిన. అరగంట కాలేదు, చిన్నాయన వరసైన ఒకాయన జవాబిచ్చిండు: "వాళ్ళది ఒడిశా రా, మనోడు కాదు." దండం పెట్టే ముందు ఇంటిపేరు అడిగే ఈ గుణం మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

చిన్నాయనా, కోపం తెచ్చుకోకండి. ముందు మనమెవరమో చూసుకుందాం. 1956 నవంబరు 1 దాకా నాందేడు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండె. గీత జరిగింది గాని మనం జరగలేదు. ఇక్కడ మనల్ని "తెలుగోళ్ళు" అంటరు. గోదావరి వెంట బాసర దాటి పోతే "మరాఠోళ్ళు" అంటరు. రెండు దిక్కులా ఆ మాట పడ్డ మనమే, దేశం కోసం ప్రాణమిచ్చిన మనిషిని అదే మాట అంటే ఎట్ల?

ఆచార్య పూర్వీకులది ఒడిశా, ఇల్లు హైదరాబాదు, చదువు ఉస్మానియా, పనిచేసింది 2వ రాజపుతానా రైఫిల్స్‌లో. 1999 జూన్ 28న, ద్రాస్ కొండల్లో మందుపాతరలు, మెషిన్ గన్ల కాపలా ఉన్న శత్రు స్థావరాన్ని పట్టే పని ఆయన కంపెనీకి అప్పగించారు. ఒళ్ళంతా గాయాలై కదలలేని స్థితిలో కూడా, నన్ను వదిలి ముందుకు పొండని తన జవాన్లకు ఆజ్ఞ ఇచ్చి, తాను కాల్పులు ఆపలేదు. స్థావరం చిక్కింది, ఆయన దక్కలేదు. అదే పటాలంలో, అదే పోరులో నాగాలాండ్ బిడ్డ కెప్టెన్ కెంగురుసే బూట్లు విప్పి వట్టి కాళ్ళతో మంచుబండ ఎక్కి అమరుడైండు. ఇద్దరికీ మహావీర చక్ర ఇచ్చారు. ఆ రాత్రి ఎవరిది ఏ రాష్ట్రమని ఎవరు అడిగారు?

"మనోడంటే పిల్లలకు గర్వం కదా" అంటారు. నిజమే. సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం చూసి ఏ పిల్లగాడి ఛాతీ ఉప్పొంగినా మంచిదే. కాని 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన ఆయన నడిపింది 16వ బిహార్ పటాలాన్ని. గర్వం మన ఊరి దగ్గర మొదలైతే తప్పు లేదు, అక్కడే ఆగిపోతే తప్పు. ఇంక ఫ్లెక్సీల సంగతి చెప్పనే వద్దు. నాయకుడి మొహం గుమ్మడికాయంత, అమరుడిది తపాలా బిళ్ళంత.

కార్గిల్‌లో 527 మంది పోయారు. వాళ్ళలో ఐదుగురి పేర్లు చెప్పగల పిల్లలు మన ఇళ్ళల్లో ఎంతమంది? అందుకే నా మాట ఇది: వచ్చే జులై 26 నుంచి ఫార్వర్డులు బంద్. ఏడాదికి ఒక్క పేరు తీసుకుందాం. ఆయన ఏ కొండ మీద, ఏం చేసిండో అందరం కూర్చుని పిల్లలతో చదివిద్దాం.

పోరుకు కొద్దిరోజుల ముందు ఆచార్య తండ్రికి ఉత్తరం రాసిండు. కడుపుతో ఉన్న తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరిండు. ఆ కథ ఏ భాషలో చెప్పమన్నడని అడుగుదామా చిన్నాయనా? మొదటి ఏడు ఆయన పేరే. పిల్లలకు అది మీరే చదివి చెప్పాలె.