బొమ్మలేస్తే బువ్వొస్తదా?

"ఇల్లు చూసుకుంటుంది, పొలం చూసుకుంటుంది, పైగా బొమ్మలు కూడా వేస్తుంది. ఎంత ఓపికో!" ఈ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇందులో బొమ్మ గురించి ఒక్క మాటైనా ఉందా చూడండి. రంగు కుదిరిందా, గీత బాగుందా అన్నది ఎవరికీ పట్టదు. మెచ్చుకునేదంతా ఓపికనే. మిగతా పనులకు లోటు రానివ్వలేదు కాబట్టి ఈ పిచ్చిని క్షమించాం అని దాని అర్థం.

మా చిన్న యారాలు తాండూరు దగ్గర పల్లెలో ఉంటుంది. నేనేమో వికారాబాద్‌లో. ఆమెకు కంది చేను, రెండు బర్రెలు, బడికి పోయే పిల్లలిద్దరు, పెద్ద వయసు అత్తమ్మ. తాండూరు వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర పనికిరాని ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. వాటిని ఏరుకొచ్చి కడిగి, వాటి మీద బొమ్మలేస్తుంది. పసుపు పూలతో నిండిన కంది చేను, ఒడ్డున పడుకున్న బర్రె, కాగ్నా వాగులో బట్టలుతికే ఆడవాళ్లు. రాయి రంగునే నీళ్ల రంగుగా వదిలేసే నేర్పు ఆమెకు ఎవరూ చెప్పింది కాదు.

ఆమధ్య దగ్గర్లోని ఒక ఊరి బడి గోడకు బొమ్మలెయ్యమని పిలిచారు. రెండు రోజులు పోయింది. అప్పుడు చేలో కలుపు తీసే రోజులు. తన బదులు ఒకామెను కైకిలికి పెట్టి, ఆ డబ్బు తన చేతి నుంచి ఇచ్చింది. గోడకు సున్నం వేసినాయనకు కూలి ఇచ్చారు, సున్నానికి ఇచ్చారు, నిచ్చెన కిరాయి కూడా ఇచ్చారు. మా యారాలికి శాలువా కప్పి ఫొటో తీశారు. డబ్బు సంగతి నేనడిగితే, "కళకు వెల కడతామా అమ్మా?" అన్నాడు ఒక పెద్దమనిషి. సున్నానికి కట్టారు కదా! వెల కట్టలేనిది అన్నమాట మన దగ్గర తరచుగా డబ్బు ఎగ్గొట్టడానికే పనికొస్తుంది.

తోట వైకుంఠం గారి బొమ్మలు మనందరికీ తెలుసు. 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన ఆయన, పెద్ద బొట్లతో, నిండు రంగు చీరలతో మన పల్లె ఆడవాళ్లను దేశమంతా చూసేలా చేశారు. నాకూ ఆ బొమ్మలు ఇష్టం. కానీ ఒక ప్రశ్న ఉంది. ఆ ఆడవాళ్లే పొద్దున లేచి సాంపి చల్లి ముగ్గేస్తే, గోడకు జాజు పూసి సున్నంతో పూలు దిద్దితే, దాన్ని మనం ఇంటి పని అంటాం. వాళ్లను కాన్వాసు మీదికెక్కిస్తేనే కళ అంటాం. బొమ్మలో కూర్చునే ఆడమనిషికి దొరికిన మర్యాద, బొమ్మ వేసే ఆడమనిషికి ఎందుకు దొరకదు?

మర్యాద అంటే చప్పట్లు కావు. బిహార్‌లో మిథిల ఆడవాళ్లు తరతరాలుగా పెళ్లిగదుల గోడల మీద బొమ్మలేసేవారు. 1966-67 కరువులో పుపుల్ జయకర్ పూనికతో భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు వాళ్ల దగ్గరికి వెళ్లాడు. తీసుకెళ్లింది కాగితం. వేసిన బొమ్మలకు డబ్బు ముట్టింది. జగదంబా దేవికి 1975లో, సీతా దేవికి 1981లో, గంగా దేవికి 1984లో పద్మశ్రీ వచ్చింది. గోడ మీద ఉన్నన్నాళ్లూ వాళ్ల పేర్లు ఊరు దాటలేదు. భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నప్పుడు భూరీ బాయి అక్కడ కూలి మనిషి. చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆమెను బొమ్మలెయ్యమన్నాడు, కూలి పోకుండా డబ్బిచ్చాడు. 2021లో ఆమెకూ పద్మశ్రీ వచ్చింది. ఈ రెండు చోట్లా ముందు వచ్చింది కాగితం, డబ్బు. బిరుదులు తర్వాత వచ్చాయి.

ఇక "వయసుతో పనేముంది, పిల్లలు పెద్దయ్యాక వేసుకోవచ్చు" అని ఓదార్చే వాళ్లున్నారు. అమెరికాలో గ్రాండ్మా మోజెస్ అనే రైతు ఇల్లాలి కథ చెబుతారు. 1860లో పుట్టిన ఆమె పదిమందిని కని, అయిదుగురిని పోగొట్టుకుని, పొలం పనులతో బతికి, డెబ్బై దాటాక గట్టిగా కుంచె పట్టింది. 1940లో న్యూయార్క్‌లో ఆమె మొదటి ప్రదర్శనకు పెట్టిన పేరుకు అర్థం 'ఒక రైతు ఇల్లాలు వేసిన బొమ్మలు'. గొప్ప కథే. ఆమె నూటొక్క ఏళ్లు బతికింది కాబట్టి సరిపోయింది. అరవైకే పోయిన రైతు ఇల్లాళ్ల బొమ్మలు ఏవి?

"చేను ఆగదు కదా" అంటారు. నిజమే. జూన్‌లో విత్తనం వేసేటప్పుడు, డిసెంబరు, జనవరిల్లో కంది కోసి కొట్టేటప్పుడు మా యారాలు కూడా కుంచె ముట్టదు. ఆమె రైతు, ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ వానాధారపు చేలల్లో కంది ఇల్లు చేరాక మళ్లీ మృగశిర దాకా కాస్త ఊపిరాడుతుంది. ఆ రోజుల్లో మగవాళ్లు హోటల్ ముందు కూర్చుంటే ఆరాటం తీర్చుకుంటున్నారంటాం. ఆమె రాయి ముందు కూర్చుంటే మాత్రం "బొమ్మలేస్తే బువ్వొస్తదా?" అని అడుగుతాం. హోటల్లో కూర్చుంటే వస్తుందా?

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఊళ్లకు గర్వమే. ఆ కందిని విత్తి, కలుపు తీసి, చెరిగి, విసిరిన చేతుల్లో ఎక్కువ ఆడవాళ్లవే. అయినా 2018లో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టా పేరును బట్టి వచ్చింది, మా యారాలి పేరు పట్టాలో లేదు. చేలో పనిచేసినా రైతు కాదు, బొమ్మలేసినా చిత్రకారిణి కాదు. మరి ఆమె ఎవరు? ఓపికమంతురాలు!

అందుకే అక్కలూ, చెల్లెళ్లూ, మనం చేయగలిగింది చెబుతాను. బంధువుల ఇంట్లో అలాంటి బొమ్మ కనబడితే "నాకొకటియ్యవే" అని ఊరికే తెచ్చుకోకండి. ధర అడగండి, బేరమాడకండి. బొమ్మ కింద పేరు రాయమనండి, ఫలానా వారి భార్య అని కాదు, తన పేరు. మీ కోడలో, యారాలో ఆ పని మీద కూర్చుంటే ఆ గంట పొయ్యి మీరు చూడండి, లేదా ఇంట్లో మగవాళ్లకు చూపించండి. ఓపికను పొగడటం ఇక చాలిద్దాం.